మోకాలు జారుతోంది, టోర్నీ దగ్గర పడింది

ప్రశ్న: మేడమ్, నేను తిరుపతిలో డిగ్రీ మూడో సంవత్సరం చదువుతున్నాను. హాస్టల్లో ఉంటాను. యూనివర్సిటీ హాకీ జట్టులో మైదానం మధ్యలో, సెంటర్ హాఫ్‌గా ఆడతాను. నిరుడు ఇంటర్ యూనివర్సిటీ సౌత్‌జోన్‌కు వెళ్లొచ్చాను, ఈసారీ జట్టులో పేరు ఖాయమన్నారు. ఐదు వారాల కిందట కాలేజీ మ్యాచ్‌లో బంతి ఆపి ఒక్కసారిగా ఎడమవైపు తిరగబోతే కుడి మోకాల్లో టక్‌మని శబ్దం వచ్చింది, కింద పడిపోయాను. రాత్రికల్లా మోకాలు గుమ్మడికాయంత అయింది. ఎక్స్‌రే తీసి ఎముకకేమీ కాలేదన్నారు. ఊరెళ్తే ఇంట్లోవాళ్లు పుత్తూరు కట్టు కట్టించారు. వాపు తగ్గింది. ఇప్పుడు నేరుగా పరిగెత్తగలుగుతున్నాను గానీ, పక్కకు తిరిగితే మోకాలు జారిపోయినట్టు అవుతోంది. అలా రెండుసార్లు పడ్డాను. కోచ్ సార్ “ఎక్స్‌రేలో ఏమీ లేదుగా, భయం వదిలెయ్. టేప్ వేసుకుని ఆడు, కావాలంటే ఇంజెక్షన్ చేయిద్దాం” అంటున్నారు. మా సీనియర్ అక్కలు చీలమండ వాచినా, వేలు విరిగినా ఆడారు. పోయిన వారం మా ఫుల్‌బ్యాక్‌కు పెనాల్టీ కార్నర్‌లో బంతి కణతకు తగిలితే కాసేపు కూర్చుని, మొహాన నీళ్లు చల్లుకుని మళ్లీ దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను ఆడనంటే నాటకాలాడుతోంది అనుకుంటారు. నాన్న మాత్రం “ఇక ఆట చాలు” అంటున్నారు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీదే నా ఆశంతా. ఇప్పుడు తప్పుకుంటే నాకు ఆట మీద అంకితభావం లేనట్టేనా?
— ఒక హాకీ క్రీడాకారిణి, తిరుపతి

సమాధానం: అమ్మా, నీ మోకాలి సంగతి తర్వాత. ముందు మీ ఫుల్‌బ్యాక్ గురించి మాట్లాడాలి. ఆ అమ్మాయి మాట నువ్వు దారిలో పోతూ చెప్పినట్టు రెండు ముక్కల్లో రాశావు. ఉత్తరం మొత్తంలో నన్ను ఎక్కువ భయపెట్టింది అదే.

హాకీ బంతి బరువు 156 నుంచి 163 గ్రాములు. గట్టి ప్లాస్టిక్. పెనాల్టీ కార్నర్‌లో అది ఎంత వేగంతో వస్తుందో నీకు ఎవరూ చెప్పక్కర్లేదు. అది కణతకు తగిలిన పిల్లను ఆ రోజు మళ్లీ మైదానంలోకి పంపకూడదు. ప్రపంచమంతా పాటించే నియమం ఇది: తలకు దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అనిపిస్తే ఆట అక్కడితో ఆపాలి, అదే రోజు తిరిగి ఆడించకూడదు. మెదడు ఇంకా కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణం మీదికి రావచ్చు. చిన్న వయసువాళ్లలో ఆ ప్రమాదం మరీ ఎక్కువ.

ఈ రోజే ఆమె పక్కన కూర్చుని అడుగు. తలనొప్పి ఉందా, వెలుతురు చూడలేకపోతోందా, చదివింది బుర్రకెక్కడం లేదా, వికారంగా ఉందా, నిద్ర తీరు మారిందా, ఊరికే చిరాకు పడుతోందా? వీటిలో ఏ ఒక్కటున్నా డాక్టరు చూసేదాకా ఆటా వద్దు, ప్రాక్టీసూ వద్దు. ఏమీ లేదన్నా ఒకసారి డాక్టరుకు చూపించాకే స్టిక్ పట్టమను. తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, మగతగా పడి ఉంటున్నా, ఒక చెయ్యో కాలో బలహీనంగా అనిపించినా, ఫిట్స్ వచ్చినా ఆ క్షణమే పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. వార్డెన్ ఏమంటారో, జట్టులో చోటు పోతుందేమో అని ఆగొద్దు. డాక్టరు సరేనన్నాక కూడా మ్యాచ్‌లోకి నేరుగా దూకడం ఉండదు. ముందు నడక, తేలిక పరుగు, ఒంటరిగా స్టిక్ వర్క్, తర్వాత జట్టుతో ప్రాక్టీసు, చివర్న మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు. తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు కిందికి.

ఇంగ్లండ్ హాకీ మాజీ కెప్టెన్ అలెక్స్ డాన్సన్ పేరు వినే ఉంటావు. 2018లో సెలవుల్లో ఉండగా తల గోడకు కొట్టుకుంది. మ్యాచ్‌లో తగిలిన దెబ్బ కూడా కాదది. అంతటి క్రీడాకారిణి మళ్లీ జట్టులోకి రాలేకపోయింది, 2020లో రిటైరైంది. తలదెబ్బ ఓర్చుకుంటే తగ్గేది కాదని చెప్పడానికే ఆమె సంగతి ఎత్తాను.

ఇప్పుడు నీ మోకాలు.

ఎక్స్‌రేలో కనిపించేవి ఎముకలు. ఎముకలను కలిపి పట్టి ఉంచే లిగమెంట్లు కనిపించవు. కాబట్టి ‘ఎక్స్‌రేలో ఏమీ లేదు’ అంటే ‘ఎముక విరగలేదు’ అని మాత్రమే అర్థం. తిరిగేటప్పుడు టక్‌మనడం, గంటల్లోనే మోకాలు వాచిపోవడం, వాపు తగ్గాక కూడా పక్కకు తిరిగితే కాలు జారిపోవడం… ఈ మూడూ ఒకచోట చేరితే ఏ ఆర్థోపెడిక్ డాక్టరైనా ముందుగా అనుమానించేది మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ అనే లిగమెంట్‌నే. గంటల్లో వచ్చే వాపు చాలాసార్లు కీలు లోపల రక్తం చేరడం వల్ల వస్తుంది. నేను ఫిజికల్ డైరెక్టర్ (పీడీ)గా పనిచేసినన్నాళ్లూ అమ్మాయిల నోట ఇవే మాటలు వింటూ వచ్చాను. అయినా చేత్తో పట్టి చూడకుండా నీకు అదే అయిందని చెప్పను. డాక్టరు నిన్ను పడుకోబెట్టి, మోకాలు కొద్దిగా వంచి, పిక్కను ముందుకు లాగి చూస్తారు. రెండో కాలితో పోలిస్తే ఎక్కువ జరిగితే లిగమెంట్ సంగతి అక్కడే చాలావరకు తెలిసిపోతుంది. దాన్ని ఎంఆర్ఐ ఖాయం చేస్తుంది, పక్కన ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగిందేమో చూపిస్తుంది.

తలుపు కీలు ఊడినా తలుపు చౌకట్లోనే నిలబడి ఉంటుంది, తోసినప్పుడే పక్కకు వాలుతుంది. నీ మోకాలూ అంతే. నేరుగా పరిగెత్తేటప్పుడు ఏసీఎల్‌తో పెద్ద పని పడదు, దాని పనంతా మలుపులో. నువ్వేమో సెంటర్ హాఫ్‌వి. అరవై నిమిషాల మ్యాచ్‌లో నువ్వు తిరగకుండా ఉండే నిమిషం ఏది చెప్పు? అందుకే ‘పరిగెత్తగలుగుతోంది కదా, ఆడగలదు’ అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

పుత్తూరు కట్టు గురించి ఇంట్లోవాళ్లను తప్పు పట్టను. మన వైపు తరతరాలుగా విరిగిన ఎముకలకు అక్కడికి వెళ్లడం అలవాటు. కానీ ఇది కీలు లోపల, రెండు ఎముకల మధ్యన ఉండే లిగమెంట్. పైన ఎంత బిగించి కట్టినా పూర్తిగా తెగినదాన్ని కట్టు కలపలేదు. వాపు తగ్గింది కట్టు వల్లనో, కాలం గడవడం వల్లనో అయి ఉంటుంది. జారడం తగ్గలేదు కదా, చూడాల్సింది దాన్నే.

ఆ రెండుసార్లు పడ్డావే, అక్కడ జరిగే నష్టం నీకు అర్థం కావాలి. మోకాలు జారిన ప్రతిసారీ తొడ ఎముక, పిక్క ఎముక ఒకదాని మీద ఒకటి ఒరుసుకుంటాయి, మధ్యలో ఉన్న మెనిస్కస్ నలుగుతుంది. లిగమెంట్‌ను ఆపరేషన్‌తో కొత్తగా వేయొచ్చు. నలిగి చిరిగిపోయిన మెనిస్కస్‌ను, అరిగిపోయిన మృదులాస్థిని మునుపటిలా చేయడం చాలా కష్టం. నలభై ఏళ్లకే మెట్లెక్కలేని మాజీ క్రీడాకారిణులు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లలో చాలామంది ‘టేప్ వేసుకుని ఆడిన’ వాళ్లే. టేప్ చర్మాన్ని పట్టుకుంటుంది తప్ప, తెగిన లిగమెంట్ పని చేయదు.

ఇంజెక్షన్ మాట వస్తే గట్టిగా వద్దను. నొప్పి తెలియకుండా చేసి దించడమంటే, ఆగమని చెప్పే ఒక్క గొంతునూ నొక్కేయడమే. పైగా ఆ ఇంజెక్షన్ గ్లూకోకార్టికాయిడ్ అనే రకం స్టెరాయిడ్ కావచ్చు. 2022 జనవరి 1 నుంచి పోటీల సమయంలో దాన్ని ఇంజెక్షన్‌గా ఎక్కడ తీసుకున్నా, కీలులోకైనా సరే, డోపింగ్ నిషేధం కిందికి వస్తుంది. జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ నాడా వాళ్లు పరీక్ష చేస్తే ‘మా సార్ చేయించారు’ అంటే కుదరదు. శరీరంలోకి ఏం వెళ్లిందో దానికి ఆడేవాళ్లదే బాధ్యత. ఏ కోటా ఉద్యోగం కోసం ఆడాలనుకుంటున్నావో, ఆ దారే మూసుకుపోతుంది.

మీ సీనియర్ల సంగతి రాశావు. వాళ్లను నేను తక్కువ చేయను. నొప్పితో ఆడటం తప్పని కూడా అనను. హాకీలో నొప్పి లేని సీజన్ ఎవరికీ ఉండదు. కానీ దెబ్బకూ దెబ్బకూ తేడా ఉంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ కెప్టెన్ కేట్ వాల్ష్‌కు మొదటి మ్యాచ్‌లోనే, జపాన్ మీద ఆడుతుండగా, స్టిక్ తగిలి దవడ విరిగింది. ఆపరేషన్ చేసి ప్లేటు వేశారు. రెండు మ్యాచ్‌లు కూర్చుని, ముఖానికి రక్షణ పెట్టుకుని తిరిగొచ్చింది, జట్టు కాంస్యం గెలిచింది. ఈ కథ చదివి అందరూ ‘అదీ అంకితభావం’ అంటారు, నిజమే. కానీ ఆ వరుస చూడు. ముందు వైద్యం, తర్వాత విశ్రాంతి, డాక్టర్ల అనుమతి, ఆ తర్వాతే ఆట. పైగా ప్లేటుతో బిగించిన దవడ ఆమె పరుగును, మలుపును పాడుచేయదు. వేలు విరిగితే కట్టి ఆడొచ్చేమో డాక్టరును అడగొచ్చు. బరువు మోసే కీలు అదుపు తప్పుతుంటే అడగడానికేమీ మిగలదు.

అదే జట్టులో హెలెన్ రిచర్డ్‌సన్ ఉంది. లండన్ తర్వాత ఆమెకు వెన్ను డిస్క్ దెబ్బతింది. రెండుసార్లు ఆపరేషన్. 2014 ప్రపంచకప్ ఆడలేకపోయింది. 2016 రియో ఫైనల్లో నెదర్లాండ్స్ మీద స్కోరు 3-3తో సమమై షూటౌట్‌కు వెళ్తే, పెనాల్టీ స్ట్రోక్ తీసుకుని గోల్ కొట్టింది ఆమే. బ్రిటన్‌కు స్వర్ణం వచ్చింది. దవడ కథ అందరికీ గుర్తుంటుంది, ఎందుకంటే అది రెండు వారాల్లోపే ముగిసింది. హెలెన్ మాత్రం నెలల తరబడి ఎవరూ చూడని చోట నడుం కింద కండరాలకు ప్రాణం పోసుకుంటూ గడిపింది. నీ ముందున్నది ఈ రెండో రకం దారి.

మన రాణి రాంపాల్‌నే తీసుకో. 2019లో భువనేశ్వర్‌లో అమెరికా మీద ఆమె కొట్టిన గోల్‌తోనే మనమ్మాయిలు టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించారు. ఆమె కెప్టెన్సీలో అక్కడ నాలుగో స్థానం. ఆ తర్వాత గాయాలు. 2022లో ప్రపంచకప్ జట్టులోనూ లేదు, కామన్వెల్త్ జట్టులోనూ లేదు. దేశానికి ఒలింపిక్స్‌లో నాయకత్వం వహించిన మనిషి జట్టు బయట ఉండాల్సి వచ్చింది. 2023 జనవరిలో దక్షిణాఫ్రికా పర్యటనకు తిరిగొచ్చి, మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టింది. ఆమె ఆడని ఆ నెలల్లో ఆమెకు అంకితభావం లేదని అనగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా బిడ్డ రజని ఎతిమరపు ఉంది. ఆమెది గాయం కథ కాదు, అయినా నీకు చెప్పాలనిపించింది. భారత జట్టులో ఎన్నో ఏళ్లు సవిత వెనకాల రెండో గోల్‌కీపర్‌గా ఉంది. రెండో కీపర్ అంటే రోజూ మొదటి కీపర్ చేసేంత సాధనా చేయాలి, మ్యాచ్ రోజున ప్యాడ్లు కట్టుకుని బెంచీ మీద కూర్చోవాలి. 2022 కామన్వెల్త్‌లో కాంస్యం గెలిచిన జట్టులో ఆమె ఉంది. బెంచీ మీద కూర్చోవడం కూడా ఆటలో భాగమేనని మీ తిరుపతి వైపు అమ్మాయిలకు ఆమె కంటే బాగా ఎవరు చెప్పగలరు?

సరే, ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మీ ఊళ్లోనే టీటీడీ వాళ్ల బర్డ్ ఆస్పత్రి ఉంది, ఎముకలు కీళ్లకు పేరున్నది. అక్కడికో, నమ్మకమైన మరో ఆర్థోపెడిక్ దగ్గరికో ఈ వారమే వెళ్లు. ఖర్చు గురించి ముందే బెంగపడకు. ఇదివరకు ఆరోగ్యశ్రీ అనే ఎన్టీఆర్ వైద్యసేవ కింద నీకు కావలసిన వైద్యం వస్తుందో లేదో ఆస్పత్రిలో ఆ పథకం చూసేవాళ్లను అడుగు. కాలేజీలో విద్యార్థులకు బీమా ఉందేమో ఆఫీసులో కనుక్కో. చాలా కాలేజీల్లో ఉంటుంది, ఎవరూ అడగరు.

లిగమెంట్ కొద్దిగా సాగిందని తేలితే మంచిదే, ఫిజియోథెరపీతో తొందరగానే మైదానంలోకి వస్తావు. పూర్తిగా తెగితే, నీలా మలుపుల ఆట ఆడేవాళ్లకు సాధారణంగా ఆపరేషన్ సలహా ఇస్తారు. తొడ వెనక కండరం నుంచో, మోకాలిచిప్ప కింది నుంచో స్నాయువు ముక్క తీసి కొత్త లిగమెంట్‌గా వేస్తారు. ఆపరేషన్‌కు ముందే వాపు పూర్తిగా తగ్గాలి, కాలు నిటారుగా చాపగలగాలి, తొడ కండరం మేల్కొనాలి. తుండుగుడ్డ చుట్టి మోకాలి కింద పెట్టుకుని, దాన్ని మంచానికేసి అదిమి పట్టడం నేర్పిస్తారు. చూడ్డానికి అదీ ఒక వ్యాయామమా అనిపిస్తుంది. మొదటి రోజుల్లో ఎంత అదిమినా తొడ కండరం కదలదు, నీ కాలే నీ మాట వినదు, ఏడుపొస్తుంది. ఒక రోజు చిప్ప పైన కండరం సన్నగా బిగుసుకోవడం కంటికి కనిపిస్తుంది. నా దగ్గర చదివిన ఒకమ్మాయి హాస్టల్ గదిలో టేపుతో రెండు తొడల చుట్టుకొలత కొలిచి, తేదీ వేసి గోడకు అంటించుకునేది. దెబ్బ తగిలిన తొడ సన్నబడి ఉండేది. సాయంత్రం మైదానం అంచున కుర్చీ వేసుకుని, గోడకేసి బంతి కొడుతూ రివర్స్ స్టిక్ (స్టిక్‌ను తిప్పి పట్టి ఆడటం) సాధన చేసేది. తిరిగొచ్చేసరికి ఆ పిల్ల అలా స్టిక్ తిప్పి బంతి ఆపడం చూసి అందరం ముక్కున వేలేసుకున్నాం.

తొందరపడొద్దని ఎందుకు చెప్తున్నానంటే, దానికి లెక్కుంది. ఆపరేషన్ తర్వాత తొమ్మిది నెలల దాకా, ఆట మొదలుపెట్టడాన్ని వాయిదా వేసిన ఒక్కో నెలకూ మళ్లీ మోకాలు దెబ్బతినే అవకాశం దాదాపు సగం చొప్పున తగ్గుతుందని నార్వే పరిశోధకులు 2016లో చూపించారు. పాతికేళ్ల లోపు వయసులో తిరిగి ఆటలోకి వెళ్లినవాళ్లలో నలుగురైదుగురిలో ఒకరికి అదే మోకాలో, రెండోదో మళ్లీ తెగుతోంది. అందుకని క్యాలెండర్ ఒక్కటే చూడకు. ఒంటికాలి మీద దూకే పరీక్షల్లో దెబ్బ తగిలిన కాలు, మంచి కాలు దూకిన దూరంలో కనీసం తొంభై శాతం దూకాలి. ఫిజియో ఆ పరీక్ష పెట్టకుండా ‘ఇక ఆడుకో’ అంటే, పెట్టమని నువ్వే అడుగు.

కోచ్‌గారితో ఎలా మాట్లాడాలో తెలియక సతమతమవుతున్నావు. ఆయన చెడ్డవారని నేను అనుకోను. జట్టులో సెంటర్ హాఫ్ పోతే ఆయనకు కష్టమే. నలుగురిలో కాకుండా విడిగా కలిసి చెప్పు: “సార్, నాకు నొప్పంటే భయం లేదు. తిరిగితే మోకాలు జారుతోంది, రెండుసార్లు పడ్డాను. ఎంఆర్ఐ చూసి డాక్టరు ఆడమనేదాకా ఆడను. అప్పటిదాకా జట్టుకు ఏ పని చెప్పినా చేస్తాను.” ఈ మాట మీ పీడీకి కాగితం మీద కూడా ఇవ్వు. తర్వాత నిజంగానే పని చెయ్యి. ఎదుటి జట్ల పెనాల్టీ కార్నర్లు ఫోన్‌లో తీసి, ఎవరు తోస్తున్నారు, ఎవరు ఆపుతున్నారు, ఎటు కొడుతున్నారో రాసిపెట్టు. నీ చోటులో దిగబోయే జూనియర్‌కు నీకు తెలిసిందంతా చెప్పు. నాటకం అనేవాళ్లు రెండు రోజులు అంటారు, నాలుగు రోజులు అంటారు. డాక్టరు రిపోర్టు చూశాక వాళ్లే ఊరుకుంటారు.

మరో మాట మీ సార్‌తో అనగలిగితే అను. మలుపుల ఆటల్లో అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఏసీఎల్ తెగడం ఎక్కువ. దూకి దిగినప్పుడు మోకాళ్లు లోపలికి వాలడం, తొడ వెనక కండరాలు బలంగా లేకపోవడం, సరైన శిక్షణ అందకపోవడం, ఇలా కారణాలు చాలా. కాలేజీలో గులకరాళ్ల నేల మీద సాధన చేసి, టోర్నీలో ఒక్కసారిగా తడిపిన టర్ఫ్ మీద దిగడం కూడా మన పిల్లలకు పెద్ద ఇబ్బంది. బూటు పట్టు మారిపోతుంది, మోకాలు దానికి అలవాటు పడే వ్యవధి ఉండదు. వారానికి రెండు మూడు సార్లు, ఇరవై నిమిషాల పాటు దూకి సరిగ్గా దిగడం, ఒంటికాలి మీద నిలకడ, తొడ వెనక కండరాల బలం మీద వార్మప్ చేయిస్తే అమ్మాయిల్లో ఈ గాయాలు సగానికి సగం తగ్గుతాయి. దీనికి డబ్బు అక్కర్లేదు. నీ జూనియర్ల కోసమైనా ఇది మొదలుపెట్టించు.

ఉద్యోగం సంగతి. నిరుడు యూనివర్సిటీ తరఫున ఆడావు కదా, ఫారం-3 తీసుకున్నావా? ఇంటర్ యూనివర్సిటీ ఆడినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో చూసే సర్టిఫికెట్ అదే, యూనివర్సిటీ స్పోర్ట్స్ విభాగం ఇస్తుంది. చాలామంది మెరిట్ సర్టిఫికెట్ ఫ్రేము కట్టించుకుని ఫారం సంగతి మరిచిపోతారు. ఏళ్లు గడిచాక సంతకం చేసేవాళ్ల కోసం తిరుగుతారు. నీది ఇప్పుడే తీసుకుని భద్రం చేసుకో. ఈసారి టోర్నీ పోతే అంతా పోయినట్టు కాదు. పీజీలో చేరితే యూనివర్సిటీకి మళ్లీ ఆడొచ్చు, వయసు పరిమితి ఎంతో మీ పీడీని అడిగి తెలుసుకో. తొమ్మిది నెలల లెక్క వేసుకుంటే వచ్చే సీజన్‌కు నువ్వు సిద్ధంగా ఉంటావు.

నువ్వు అడిగిన చివరి ప్రశ్నకు నా జవాబు సూటిగా చెప్తాను. లేదమ్మా, తప్పుకుంటే అంకితభావం లేనట్టు కాదు. ఐదు వారాలుగా జారుతున్న మోకాలితో రోజూ మైదానానికి వెళ్తున్నదానివి, నీకు అది లేదని ఎవరంటారు? దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే తేలాలి. ఇకనుంచి దాన్ని ఆ తుండుగుడ్డ మీద పెట్టు.

నాన్నగారి మీద కోపం తెచ్చుకోకు. కూతురు కుంటుతూ ఇంటికొస్తే ఏ తండ్రైనా అలాగే అంటాడు. ఆయన్ను డాక్టరు దగ్గరికి వెంట రమ్మను. మోకాలికి వైద్యం ఆట కోసం మాత్రమే కాదు, నీ నడక కోసం కూడా అని డాక్టరు నోటితో వింటే ఆయన భయం సగం తగ్గుతుంది. ఆట మానేసినా ఈ మోకాలికి వైద్యం తప్పదు కదా. ఆ మిగిలిన సగం గురించి, మళ్లీ ఆడటం గురించి, నువ్వు రెండు కాళ్ల మీద గట్టిగా నిలబడ్డాక మాట్లాడుకోవచ్చు. ఎంఆర్ఐ రిపోర్టు వచ్చాక అందులో రాసింది రాసినట్టు నాకు పంపు. డాక్టరును ఏమేమి అడగాలో కలిసి చూసుకుందాం.